పెచ్చెరువు చెంత ఒక రాత్రి

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల బాలబాలికలకు కృష్ణాజలము క్రొత్తది కాదు. నాగార్జునసాగరపు ఎడమ కాలువ వారి పొలముల ప్రక్కనే ప్రవహించుచున్నది. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. ఆ నీటివలన వానకై ఎదురుచూచిన మెట్టచేలు మాగాణులైనవి.

అయితే కాలువ గట్టున నిలిచి నీటిని చూచువారిలో, అది ఏ త్రోవన వచ్చినదో ఆలోచించువారు కొందరే. సాగరమును చేరుటకు ముందు కృష్ణానది నల్లమల కొండలను చీల్చుకొని, లోతైన లోయలగుండ ప్రవహించును. ఇరుప్రక్కల దట్టమైన అడవి కలదు. ఆ అడవిలో చిన్నవాగులు, ఊటలు, కొలనులు, చెరువులు అనేకము ఉన్నవి. వానిలో ఒకటి పెచ్చెరువు. ఆనకట్టలతో పోల్చినచో అది మిక్కిలి చిన్నది. అయినను, కొంచెము నీరు ఎన్ని ప్రాణులను నిలుపగలదో తెలిసికొనుటకు అంతకంటె మంచి పాఠశాల లేదు.

పెచ్చెరువు శ్రీశైలమునకు పోవు పురాతనమైన కాలిబాటపై, అడవి నడుమ ఉన్నది. శ్రీశైలక్షేత్రమునకు నాలుగు ద్వారములున్నవని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. మోటారు రోడ్లు లేని దినములలో యాత్రికులు ఈ దిక్కులనుండి అడవిదారులను పట్టి నడచి వచ్చెడివారు. పాలకుర్తి సోమనాథకవి తన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమను ఒక భాగమునంతయు ఈ శ్రీశైలమునకే కేటాయించెను. ఏడు వందల ఏండ్లకు పూర్వమే తెలుగువారికి ఈ యాత్ర ఎంత ప్రియమైనదో దీనివలన తెలియుచున్నది.

నేడు సూర్యాపేట, మిర్యాలగూడ వైపువారు దేవరకొండ, డిండి మీదుగా బస్సులో సుఖముగా శ్రీశైలము చేరవచ్చును. ఐనను, కాలినడకను విడువనివారు వేలకొలది కలరు. వారిలో పెక్కుమంది నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపమునగల వెంకటాపురమునుండి బయలుదేరుదురు. అక్కడినుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా శ్రీశైలము సుమారు 40 కిలోమీటర్ల దూరము ఉండును. ఒక్క పగటిలో నడువదగిన దారి కాదిది. కనుక చాలమంది పెచ్చెరువుకడ రాత్రి విశ్రమించి, తెల్లవారిన తరువాత ముందుకు సాగుదురు.

ఈ నడకకు రెండు కాలములు ప్రసిద్ధములు. మొదటిది మాఘమాసపు కృష్ణపక్షమున వచ్చు మహాశివరాత్రి. రెండవది చైత్ర శుద్ధ పాడ్యమినాటి ఉగాది. శివరాత్రికి తెలుగువారు అధికముగా వత్తురు. ఉగాదికి కన్నడ దేశపు భక్తులు గుంపులు గుంపులుగా వచ్చెదరు. వారు భ్రమరాంబాదేవిని తమ ఇంటి ఆడపడుచుగా భావించి, పుట్టింటి సారె తెత్తురు. ఈ రెండు పండుగలును అమావాస్యకు దగ్గరగా వచ్చునవే. కాబట్టి పెచ్చెరువు చెంత యాత్రికులు గడపు రాత్రి సామాన్యముగా వెన్నెల లేని రాత్రియే యగును.

శిశిరము వెడలిపోవుచు వసంతము అడుగిడు ఆ దినములలో నల్లమల రూపము విచిత్రముగా ఉండును. వర్షాకాలమున పచ్చని గోడవలె నిలిచిన అడవి అప్పటికి పలుచబడును. టేకు, తునికి, నల్లమద్ది మొదలగు చెట్లు ఆకులు రాల్చును. బాటపై రాలిన ఆకులు అడుగు వేసినపుడెల్ల గలగలమనును. చెట్లు ఎండిపోయినవని తొలిసారి చూచువారు భ్రమపడుదురు. నిజమునకు అది చెట్ల వివేకము. ఆకుల అడుగుననున్న సన్నని రంధ్రములగుండ నీరు ఆవిరియై పోవుచుండును. నేలలో నీరు తగ్గిన కాలమున ఆకులను ఉంచుకొనుట చెట్టునకు మోయలేని వ్యయము. అందువలన అది ఆకులను వదలి, ప్రాణమును కాపాడుకొనును.

ఆకులు లేని ఆ కొమ్మలపైననే పూలు పూచుట మరియొక వింత. మోదుగచెట్లు నిప్పుకణికలవంటి పూలతో నిండును. బూరుగు ఎఱ్ఱగా పూచును. రాతినేలలయందు కొండగోగు పసుపుపచ్చని పూవులతో వెలుగును. ఆకులడ్డము లేకపోవుటచేత ఆ రంగులు దూరమునకే కనబడి, తేనెకై పక్షులను, కీటకములను పిలుచును. మరికొన్ని దినములకు ఇప్పపూలు రాలనారంభించును. తీయని ఆ పూలకై ఎలుగుబంటి చీకటిలో చెట్టు క్రిందికి వచ్చును.

ఇట్లు అడవి ఎండుచున్నకొలది చెరువు విలువ పెరుగును. వర్షాకాలమున జంతువులు ఎక్కడ దప్పిగొన్నను అక్కడనే నీరు దొరకును. ప్రతి పల్లమును మడుగే, ప్రతి లోయయు వాగే. కార్తీకము దాటిన పిమ్మట వాగులు సన్నగిల్లును. మాఘ ఫాల్గునములు వచ్చుసరికి చాల వాగులలో ఇసుకయు రాళ్లును మిగులును. నల్లమల కొండలు గట్టియైన రాతిపొరలతో ఏర్పడినవి. ఆ రాళ్ల పగుళ్లలో ఇంకిన వాననీరు కొన్నిచోట్ల మెల్లమెల్లగా ఊటయై వెలువడును. ఎత్తైన నేలల నడుమ లోతుగానుండు పల్లములలో మరికొంత నీరు నిలుచును. అట్టి నీటికడకే చుట్టుప్రక్కల జంతువులన్నియు రావలసియుండును. విస్తారమైన అడవి అంతయు ఒక్క చెరువు గట్టునకు కుదించుకొని వచ్చినట్లుండును.

చెరువు అంచున తడిమట్టిని పరిశీలించినచో ముందటి రాత్రి ఎవరెవరు వచ్చిరో తెలియును. రెండుగా చీలిన సన్నని గిట్టల జాడ దుప్పిది. అటువంటిదే పెద్దదియైనచో కణితిది. మట్టిని మూతితో త్రవ్వి చెల్లాచెదరు చేసినది అడవిపంది. మనుష్యపాదమును పోలి, ముందు పొడవైన గోళ్ల గీతలు గల జాడ ఎలుగుబంటిది. రేసుకుక్కల అడుగులలో గోళ్ల గురుతులు కనబడును. గుండ్రని మెత్తని అడుగునకు నాలుగు వ్రేళ్ల గురుతులుండి, గోళ్ల గురుతులు లేకున్నచో అది పిల్లిజాతి జంతువుది. పులియు చిరుతయు నడచునపుడు గోళ్లను లోనికి ముడుచుకొనును. అందువలన అవి అరిగిపోవక వాడిగా ఉండును. చిరుత అడుగు చిన్నది, పెద్దపులి అడుగు దానికంటె చాల పెద్దది.

శత్రువులైన ఈ ప్రాణులన్నియు ఒకే నీటిని త్రాగుట ఎట్లు సాధ్యమగుచున్నది? వానికి వేళలున్నవి. నెమళ్లు, అడవికోళ్లు, కొండముచ్చులు పగటివేళ నీటికి వచ్చును. దుప్పులు వెలుతురు ఉండగనే గుంపుగా దిగి, కొన్ని తల వంచి త్రాగుచుండగా కొన్ని తల యెత్తి కావలి కాయును. చీకటి పడిన తరువాత కణితులు, ఎలుగులు, ముళ్లపందులు వచ్చును. పులి సాధారణముగా ప్రొద్దుక్రుంకినది మొదలు తెల్లవారువఱకు తిరుగును. ఎండ ముదిరినపుడు అది నీటిలో నడుమువఱకు మునిగి కూర్చుండుటయు కలదు. ఇది ఎవరును వ్రాయని కట్టుబాటు. అక్కడ వేట లేకపోలేదు. అయినను నీటిని పూర్తిగా తనదిగా చేసికొని, ఇతరులకు లేకుండ చేయు జంతువు ఒక్కటియు లేదు.

సాయంకాలమునకు యాత్రికులు పెచ్చెరువు చేరుదురు. మూటలు దించుదురు. కాళ్ల నొప్పులు మరచి, జట్లు జట్లుగా కూర్చుండి అన్నము తిందురు. మెల్లగా మాటలు తగ్గును. అప్పుడు పైకి చూచినచో పట్టణములలో కనబడని నక్షత్రములు కనబడును. శివరాత్రి దినములలో ప్రొద్దుక్రుంకిన కొంతసేపటికి మృగశిరయు, ఎఱ్ఱని ఆర్ద్రయు దాదాపు నడినెత్తిన నుండును. రాత్రి గడచుచుండగా ఈశాన్యమున సప్తర్షులు పైకి లేతురు. దారి తెలుపు యంత్రములు లేని కాలమున అడవిలో బాటసారులకు ఇవియే గడియారములు, ఇవియే దిక్సూచులు.

రాత్రి అడవిని కన్నులతోకంటె చెవులతో ఎక్కువ తెలిసికొనవచ్చును. అక్కడి ప్రాణులు అపాయమును ఒకదాని కొకటి చాటుకొనును. పగలు ఆ పని కొండముచ్చులది. అవి చెట్టుకొనలయందు కూర్చుండి దూరము చూడగలవు. దుప్పులు క్రింద మేయుచు వాసన పసికట్టగలవు. కొండముచ్చులు త్రుంచి పడవేసిన లేతాకులు, కాయలు దుప్పులకు మేతయగును. అందువలన ఈ రెండు జాతులు తరచు ఒక్కచోటనే ఉండును. పులి పొడగట్టగనే కొండముచ్చు దగ్గినట్లు అరచును, దుప్పి తీక్ష్ణముగా కూయును. రాత్రివేళ కణితి గట్టిగా, గంట మ్రోగినట్లు ఒక కేక వేయును. అది ఊరక అరచునది కాదు. కణితి మరల మరల అరచెనేని సమీపమున పులియో, చిరుతయో కదలుచున్నదని అడవి నెరిగినవారు గ్రహింతురు.

ఒక్కొక్కప్పుడు దీపపు వెలుగు పొదలవైపు పడగా రెండు కన్నులు తళుక్కుమనును. చూచినవారు భయపడుదురు. దానికి కారణము తెలిసినచో భయము కొంత తగ్గును. రాత్రి తిరుగు అనేక జంతువుల కంటిలో వెనుకభాగమున అద్దమువంటి పొర ఒకటి ఉండును. కంటిలో ప్రవేశించిన స్వల్పకాంతిని ఆ పొర వెనుకకు మరల్చి, చూపునకు రెండవసారి అక్కఱకు వచ్చునట్లు చేయును. దుప్పికిని, పులికిని, మన యింటి పిల్లికిని ఈ పొర కలదు. మనుష్యునకు లేదు. కాబట్టి చీకటిలో మనుష్యుడు వానికి తెలియకుండ పోవుట అసాధ్యము. అవి మనుష్యుని ముందుగానే చూచి తొలగిపోవును. గుంపుగా నడచుట, బాట విడువకుండుట, చీకటివేళ ఒంటరిగా నీటిచెంతకు పోకుండుట అను మూడు నియమములు అందులకే ఏర్పడినవి.

ఈ మార్గమును యాత్రికులకంటె బాగుగా ఎరిగినవారు చెంచులు. నల్లమల వారి పుట్టినిల్లు. పెచ్చెరువు వద్ద చెంచుగూడెము కలదు. తేనె తీయుట, దుంపలు త్రవ్వుట, జిగురు సేకరించుట వారి పూర్వవృత్తులు. శ్రీశైల మల్లికార్జునుడు తమ యింటి ఆడపిల్లను పెండ్లాడెనని చెప్పుకొని, ఆయనను చెంచు మల్లయ్య అని పిలుతురు. హైమెన్‌డార్ఫ్ అను ఐరోపా పండితుడు వారిని గూర్చి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడెను. ఎండిన వాగులో ఏ తావున ఇసుక త్రవ్విన చెలమ ఊరునో, ఏ కేకకు ఏమి యర్థమో వారు పసితనముననే నేర్తురు. ఆ విద్యవలన నేడు వారిలో అనేకులు అటవీశాఖవారి పక్షమున పులుల జాడలు చూచుచు, అడవికి కావలి కాయుచున్నారు.

పులిని ఇంతగా కాపాడుట ఎందులకని కొందరు ప్రశ్నింతురు. ఒక పులి బ్రదుకుటకు ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులు ఆహారము కావలెను. అన్ని జంతువులు దొరకవలెనన్నచో వానికి వందలకొలది తోటిజంతువులు ఉండవలెను. వానికి మేత కావలెను, మేతకు అడవి కావలెను, అందరికిని నీరు కావలెను. అందుచేత పులి సుఖముగానున్న అడవిలో తక్కినవన్నియు చక్కగానున్నవని అర్థము. పులి లేకపోయినచో మేసెడి జంతువులు మితిమీరి, మొలకలను మిగులనీయవు. మొలకలు లేని కొండపై మట్టి నిలువదు. మట్టి కొట్టుకొనిపోయిన కొండపై పడిన వాన ఇంకక, ఒక్కపెట్టున దొర్లిపోవును.

ఈ సత్యమును గ్రహించియే మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము చేయబడెను. 1973లో పులుల రక్షణకు ప్రత్యేక పథకము ఆరంభమయ్యెను. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యము ఆ పథకమున చేరినది. 2014లో రాష్ట్రము విభజింపబడిన పిమ్మట కృష్ణకు ఉత్తరపు అడవి తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైనది. దక్షిణపు భాగము ఆంధ్రప్రదేశమున పూర్వనామముతోనే నిలిచినది. పెచ్చెరువు ఈ దక్షిణభాగమున ఉన్నది. రెండు రాష్ట్రములకు సరిహద్దు ఏర్పడినను, నీటికిని పులికిని సరిహద్దు లేదు.

అభయారణ్యములో ఎవరు పడిన ఎప్పుడు పడిన నడువరాదు. పండుగ దినములలో మాత్రము అధికారులు నియమములతో ఈ బాటను యాత్రికులకు విడుతురు. ఇందులో పెద్ద చిక్కు కలదు. నీరు తగ్గి, జంతువులకు చెరువు అత్యవసరమైన దినములలోనే వేలకొలది మనుష్యులు అక్కడికి వచ్చుచున్నారు. యాత్ర మానుమనుట తరతరముల భక్తిని త్రోసిపుచ్చుట. అదుపు లేకుండ విడుచుట నోరులేని ప్రాణుల దప్పికను మరచుట. రెండును తగనివే. కాబట్టి నడచువాని నడవడిలోనే దీనికి పరిష్కారము వెదకవలసియున్నది.

మొదటి జాగ్రత్త నిప్పు. రాలిన ఆకులు ఎండి గుట్టలుగా నున్న కాలమది. ఆర్పక విడిచిన పొయ్యి, పారవేసిన బీడీముక్క గాలికి రగులుకొని అడవిని కాల్చును. నేలపై గూడు కట్టిన పక్షుల గ్రుడ్లు, ప్రాకెడి ప్రాణులు, లేతమొలకలు మొదట నశించును. అటవీశాఖవారు ఎండకాలమునకు ముందే అడవి నడుమ వెడల్పైన బాటలలో ఆకులు ఊడ్పించి, మంట దాటకుండ ఏర్పాటు చేయుదురు. కాని ఒక నిర్లక్ష్యపు నిప్పురవ్వ ఆ శ్రమ నంతటిని బూడిద చేయగలదు.

రెండవది ప్లాస్టిక్. తినుబండారముల ఉప్పువాసన గల సంచులను దుప్పులు, కణితులు నమలి మ్రింగును. అవి కడుపులో అరుగవు, బయటికి పోవు. జంతువు మేత తినలేక క్రమముగా కృశించి చచ్చును. మూడవది సబ్బు, నూనె, ఎంగిలి. వీనిని చెరువులో కలిపినచో యాత్రికుడు మరునాడు వెడలిపోవును గాని, ఆ నీరే త్రాగవలసిన ప్రాణులు మరియొక చోటికి పోజాలవు. నాలుగవది రొద. బాకాల మ్రోతలకు వెరచి నీటికి రాని దుప్పి, ఆ రాత్రి దప్పికతోనే గడపవలెను.

తెల్లవారుసరికి యాత్రికులు మరల బయలుదేరుదురు. దారి భీమునికొలను లోయలోనికి దిగి, అక్కడినుండి రాతిమెట్లపై కైలాసద్వారమునకు ఎక్కును. 14వ శతాబ్దమున రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లు కట్టించిన పుణ్యపురుషుడుగా చరిత్రలో నిలిచెను. ఆయన కొండను పిండి చేయలేదు, అడవిని నరికించలేదు. నడచువాని కాలికి ఆధారము మాత్రము కల్పించెను. మనుష్యుని అవసరము తీరుటకును, కొండ నిలుచుటకును విరోధము లేదని ఆ మెట్లు నేటికిని చెప్పుచున్నవి.

నల్లమలపై కురిసిన వానలో పడమటి వాలున పడినది కుందూనదికి, తూర్పున పడినది గుండ్లకమ్మకు, ఉత్తరపు లోయలలో పడినది కృష్ణకు చేరును. కృష్ణలో కలిసిన ఆ కొంత నీరు సాగరములో నిలిచి, ఎడమ కాలువలో ప్రవేశించి, మిర్యాలగూడ వరిమళ్లను, కోదాడ చేలను చేరును. అడవి దానిని కొంతకాలము ఆపి, వడగట్టి, మెల్లగా విడిచినందుననే వాగులలో ఊట నిలుచుచున్నది, జలాశయములలో పూడిక తగ్గుచున్నది. కనుక కొండపైనున్న ప్రతి చెట్టును పల్లపు రైతునకు పేరెరుగని పాలికాపు.

పెచ్చెరువు గట్టున ఒక్క రాత్రి నిద్రించు యాత్రికుడు ఆ చెరువునకు యజమాని కాడు, అతిథి. మంచి అతిథి కావలసినంత త్రాగును, మిగిలినది తరువాత వచ్చువానికి నిర్మలముగా విడుచును. అతడు వెడలిన మరునాటి రాత్రి, దుప్పి ఒకటి అదే గట్టున బెదరక తల వంచి నీరు త్రాగినచో అతని యాత్ర సఫలమైనదని తలంపవచ్చును.